పాలు తగ్గాయా? తడవలు లెక్కపెట్టండి



ఈ పూట నేను ముఖ్యంగా ఒక తల్లితో మాట్లాడాలనుకుంటున్నాను. బిడ్డ రొమ్ము పట్టుకోలేక, పాలన్నీ పంపుతోనే తీసి పోస్తున్న తల్లితో. ఆమె మన కడప జిల్లాలోని పెద్దముడియంలో ఉండొచ్చు. జమ్మలమడుగులో ఉండొచ్చు. పులివెందులలో ఉండొచ్చు. అమ్మా, మీ పక్కన మీ అమ్మగానీ, అత్తగానీ, ఇంటాయనగానీ ఉంటే వాళ్లనూ కూర్చోబెట్టుకోండి. ఇందులో వాళ్లు వినాల్సిన మాటలూ ఉన్నాయి.

ఇలా తీసి పోసే పరిస్థితి ఎందుకొస్తుంది? కొందరికి నెలలు నిండకుండా కాన్పు కావడం వల్ల. బిడ్డను ప్రొద్దుటూరు జిల్లా ఆసుపత్రికో, కడప రిమ్స్‌కో తీసుకుపోతారు. 34 వారాలు నిండకుండా పుట్టిన బిడ్డకు చప్పరించడం, మింగడం, ఊపిరి పీల్చడం, ఈ మూడూ ఒక వరసలో కుదరవు. అందుకని తల్లి పాలు తీసి ఇస్తే, గొట్టంతోనో ఉగ్గుగిన్నెతోనో పోస్తారు. కొందరు బిడ్డలకు పెదవో అంగిలో చీలి ఉంటుంది. కొందరు ఇంటికొచ్చాక కూడా రొమ్ముకు అలవాటు పడరు. ఉద్యోగానికి తిరిగి పోయే తల్లులు మరికొందరు. అమెరికాలో ఉన్న మన ఆడపిల్లల సంగతి చూడండి. అక్కడి కేంద్ర చట్టం ఇచ్చే సెలవు 12 వారాలు. అదీ జీతం లేకుండా. మూడో నెల నిండేసరికి వాళ్ల చేతిలో పంపు ఉంటుంది.

మొదట్లో పాలు బాగానే వస్తాయి. నెలన్నర గడుస్తుంది. రెండు నెలలు గడుస్తాయి. ఒక పొద్దున సీసా ఎత్తి చూస్తే 100 ఎమ్మెల్ ఉండాల్సిన చోట 60 ఉంటుంది. మర్నాడు 50. గుండె జారిపోతుంది. ఇంట్లో ఎవరో ఒకరు అననే అంటారు, "దీనికి పాలు ఇగిరిపోయినాయి, డబ్బా తెప్పించండి" అని.

అమ్మా, ఆ మాటకు బెదరొద్దు. చాలామందిలో పాలు ఇగిరిపోవు. పాలు తీసే తడవలు తగ్గి ఉంటాయి. తడవలు పెంచితే చాలామందికి పాలు మళ్లీ పెరుగుతాయి. నేను చెప్పదలుచుకున్న ముఖ్యమైన మాట ఇదే. ఎన్ని పాలు వచ్చాయని తర్వాత చూద్దాం. ముందు, రోజుకు ఎన్ని తడవలు తీశారో లెక్కపెట్టండి.

మన పల్లెల్లో పాడి తెలియని ఇల్లు లేదు. ఎనుమును రెండు పూటలా పిండుతాం. ఒక పూట పిండడం మానేసి, పొదుగులో పాలు అట్లాగే వదిలేస్తే ఏమవుతుంది? నాలుగు రోజులు అట్లాగే చేస్తే పాలు తగ్గిపోతాయి. ఇంకొన్నాళ్లకు వట్టిపోతుంది. మేత తగ్గలేదు, నీళ్లు తగ్గలేదు, అయినా తగ్గింది. ఇంకో సంగతి. రోజూ పిండే మనిషి ఊరికి పోయి, కొత్త మనిషి వచ్చి చెంబు పెడితే ఎనుము చేపదు. పొదుగు నిండుగా ఉంటుంది, పాలు మాత్రం దిగవు. దూడను విడిచి, అది రెండు కుమ్ములు కుమ్మితే అప్పుడు చేపుకొస్తుంది. తల్లిని పశువుతో పోలుస్తున్నానని అనుకోవద్దండి. పాలిచ్చే ప్రాణి ఏదైనా శరీర ధర్మం ఒక్కటే.

మన ఒంట్లోనూ ఈ రెండు పనులే జరుగుతాయి. పాలు తయారు కావడం ఒకటి. తయారైన పాలు చేపుకు రావడం రెండోది. పాలు తయారయ్యేందుకు ప్రొలాక్టిన్ అనే హార్మోను కావాలి. చేపుకు రావడానికి ఆక్సిటోసిన్ అనే హార్మోను కావాలి. ఇక రొమ్ము నిండిపోయి చాలాసేపు అట్లాగే ఉంటే, ఆ నిండిన పాలే "ఇక చాలు, ఆపు" అని లోపలికి కబురు పంపుతాయి. తయారీ నెమ్మదిస్తుంది. రొమ్ము ఖాళీ అయితే "ఇంకా కావాలి" అని కబురు పోతుంది. తయారీ పెరుగుతుంది. నిండితే ఆగుతాయి, ఖాళీ అయితే ఊరతాయి. ఇది గుర్తుంటే మిగతాదంతా సులువు.

ఇప్పుడు ఒక తల్లి రోజు ఎట్లా గడుస్తుందో చూద్దాం. పొద్దున ఆరుకు తీసింది. బిడ్డకు స్నానం, ఇంటి పని, చుట్టాలు. పదిన్నరకు తీసింది. మధ్యాహ్నం రెండున్నరకు, సాయంత్రం ఆరున్నరకు, రాత్రి పదింటికి తీసింది. బిడ్డ ఇప్పుడు రాత్రి కాస్త నిద్రపోతోంది. తల్లికీ కన్ను మూతపడింది. మళ్లీ పొద్దున ఆరుకే లేచింది. అడిగితే "ఏడెనిమిది తడవలు తీస్తున్నానండీ" అంటుంది. వేళ్ల మీద లెక్కపెడితే అయిదే తేలాయి. పైగా రాత్రి ఎనిమిది గంటలు రొమ్ము నిండుగానే ఉండిపోయింది. ఆ ఎడమే పాలను తగ్గిస్తోంది. చిక్కేమిటంటే, రాత్రి తడవ మానేసిన మర్నాడే పాలు తగ్గవు. కొన్ని రోజులు ఆగి తగ్గుతాయి. అందుకే రెండింటికీ సంబంధం ఉందని ఎవరికీ తట్టదు. నిన్న తిన్న వంకాయ మీదో, ఎవరి కళ్లు పడ్డాయనో నెపం పోతుంది.

కాబట్టి ఈ రోజే గోడ మీద క్యాలెండరు తీసుకోండి. తీసిన ప్రతిసారీ ఆ తేదీ గడిలో ఒక గీత గీయండి. రాత్రి తీసినా సరే, పొద్దున లేచాక గీయండి. మూడు రోజులు చూడండి. రోజుకు ఎనిమిది గీతలు ఉన్నాయా? ఒక తడవకూ ఇంకో తడవకూ మధ్య అయిదు గంటలు మించిన ఎడం ఉందా? పాలు కొలిచేటప్పుడు కూడా 24 గంటల మొత్తం చూడండి. ఒక్కో సీసాను విడిగా చూసి దిగులు పడొద్దు. తెల్లవారుజామున ఎక్కువ, సాయంత్రం తక్కువ రావడం మామూలే. నెల నిండినప్పటి నుంచి ఆరు నెలల దాకా బిడ్డ రోజు మొత్తం మీద తాగేది సరాసరిన 750 నుంచి 800 ఎమ్మెల్. కొందరు తక్కువ తాగుతారు, కొందరు ఎక్కువ తాగుతారు. మూడో నెల బిడ్డకు ఒకటో నెల బిడ్డకంటే రెట్టింపు పాలు కావాలేమో అని హడలిపోనక్కర్లేదు.

తడవలు తగ్గాయని తేలితే ఏం చెయ్యాలి? మళ్లీ రోజుకు ఎనిమిదికి తీసుకురండి. సరిగ్గా మూడు గంటలకొకసారి అని గడియారం పట్టుకుని కూర్చోవాల్సిన పని లేదు. పొద్దుటిపూట రెండేసి గంటలకు తీయండి. మధ్యాహ్నం పని ఉంటే కాస్త ఎడం ఇవ్వండి. రాత్రి మాత్రం ఒక్కసారైనా లేవాలి. ఒంటిగంట నుంచి తెల్లవారుజాము అయిదు లోపల ఒక తడవ. ప్రొలాక్టిన్ రాత్రిపూటే ఎక్కువగా ఉంటుంది. ఆ ఒక్క తడవ పగటి తడవలన్నిటికీ బలం. నిద్ర చెడుతుంది, నిజమే. అందుకే ఆ నిద్రను పగలు ఇప్పించే పూచీ ఇంట్లోవాళ్లది.

ప్రతి తడవా 15 నుంచి 20 నిమిషాలు తీయండి. ధార ఆగి, చుక్కలు కూడా ఆగిపోయాక ఇంకో రెండు నిమిషాలు ఉంచండి. రెండు రొమ్ములకూ ఒకేసారి పెట్టే పంపు అయితే మరీ మంచిది. పంపు తీసేశాక చేత్తో పిండండి. బొటనవేలు పైన, మిగతా వేళ్లు కింద పెట్టి, చనుమొన చుట్టూ ఉన్న నల్లటి వలయం అంచున పట్టుకోండి. ముందు రొమ్మును ఛాతీ వైపు నొక్కండి. తర్వాత వేళ్లు దగ్గరికి తెచ్చి వదలండి. రుద్దొద్దు, లాగొద్దు. ఆ చివర వచ్చే పాలల్లో వెన్న ఎక్కువ. రొమ్ము బాగా ఖాళీ అవుతుంది కూడా. దీనికి కరెంటు అక్కర్లేదు, డబ్బు అక్కర్లేదు. పెద్దముడియం మండలంలో కరెంటు పోయిన రాత్రి ఆదుకునేది ఈ చేతి విద్యే.

ఇంకో పద్ధతి ఉంది. రోజులో ఒక గంట ఎంచుకోండి. రోజూ అదే గంట. 20 నిమిషాలు తీయండి. 10 నిమిషాలు ఆపండి. మళ్లీ 10 నిమిషాలు తీయండి. 10 నిమిషాలు ఆపండి. చివరగా 10 నిమిషాలు తీయండి. అంతే, గంట అయిపోయింది. ఎదిగే బిడ్డ ఒక సాయంత్రమంతా మాటిమాటికీ రొమ్ము అడిగినట్టు, ఒంటికి కబురు పోతుంది. రెండో మూడో దఫాలో పాలు రాకపోయినా సరే, ఆపొద్దు. ఆ కబురు పోవడమే మనకు కావలసింది. ఒక వారం చేసి చూడండి. ఫలితం రెండు రోజుల్లో కనబడాలని పట్టుపట్టొద్దు. కొందరికి వారం, కొందరికి ఇంకా ఎక్కువ పడుతుంది.

తడవలు ఎనిమిదీ ఉన్నాయి, అయినా తగ్గాయంటే? అప్పుడు పంపును చూడండి. ఇది చాలామంది చెయ్యని పని. పంపులో పక్షి ముక్కులాంటి చిన్న మెత్తటి రబ్బరు ముక్క ఉంటుంది. దాన్ని వాల్వు అంటారు. కొనకు సన్నటి చీలిక ఉంటుంది. దాన్ని విప్పి వెలుతురుకు ఎదురుగా పట్టుకోండి. చీలిక అంచులు రెండూ అతుక్కుని ఉన్నాయా, నోరు తెరిచినట్టు ఉన్నాయా? తెరుచుకుని ఉంటే పీల్చే బలం పోయినట్టే. మోటారు అదే చప్పుడు చేస్తుంది, పాలు మాత్రం రావు. రోజుకు ఎనిమిది తడవలు వాడేవాళ్లకు ఈ ముక్క నెలకో, రెండు నెలలకో పాడవుతుంది. కొత్త పంపు కొనక్కర్లేదు, ఆ ముక్క మారిస్తే చాలు. దాన్ని కడిగేటప్పుడు చీలికలోకి పుల్లగానీ బ్రష్షుగానీ దూర్చకండి.

రొమ్ముకు పెట్టుకునే గరాటు కూడా సరిపోవాలి. లోపల చనుమొన అంచులకు ఒరుసుకోకుండా కదలాలి. ఒరిసి ఎర్రబడుతుంటే అది ఇరుకు. నల్లటి వలయమంతా లోపలికి పోతుంటే అది వదులు. పీల్చే బలం ఎంత పెంచితే అన్ని పాలు వస్తాయనుకోవడం కూడా పొరపాటు. నొప్పి పుడితే చేపు రాదు. మెడికల్ షాపుల్లో ఇంకా రబ్బరు బుడ్డి ఉన్న గాజు పంపులు దొరుకుతుంటాయి. చవకని కొనకండి. బుడ్డి లోపల శుభ్రం కాదు, చనుమొన కూడా దెబ్బతింటుంది. దానికన్నా మీ చెయ్యే మేలు.

ఇక చేపు మాట. పంపు మనకు కొత్త మనిషే కదా. దాని ముందు కూర్చోగానే చేపు రాకపోతే, తీసే ముందు బిడ్డను రొమ్ముల మధ్య చర్మానికి చర్మం తగిలేలా కాసేపు పడుకోబెట్టుకోండి. బిడ్డ ఆసుపత్రిలో ఉంటే అక్కడి నర్సులు కంగారూ పద్ధతి అని దీన్నే చేయిస్తారు. కొలంబియా దేశంలో 1978లో, గాజుపెట్టెలు చాలక మొదలైన పద్ధతి ఇది. ఇవాళ ప్రపంచమంతా చేస్తోంది. బిడ్డ దగ్గర లేకపోతే ఫోనులో బిడ్డ ఫొటో చూడండి, బిడ్డ కప్పుకున్న గుడ్డ ఒళ్లో పెట్టుకోండి. రొమ్ముకు గోరువెచ్చటి గుడ్డ కాపండి. సీసా వైపు మాత్రం చూడకండి. సీసాకు ఒక సాక్సు తొడగండి, ఎంత వచ్చిందో కనబడకుండా ఉంటుంది.

ఒంట్లో మార్పుల వల్ల కూడా పాలు తగ్గుతాయి. బయట చేరడం మళ్లీ మొదలైతే నెలలో కొన్ని రోజులు తగ్గి, మళ్లీ సర్దుకుంటాయి. గర్భం వస్తే తగ్గుతాయి. థైరాయిడ్ తేడా వల్ల తగ్గొచ్చు. కాన్పులో బాగా రక్తం పోయి ఉంటే, మాయ ముక్క లోపల మిగిలి ఉంటే మొదటి నుంచీ తక్కువే రావొచ్చు. ముక్కు దిబ్బడకు వాడే కొన్ని మాత్రల్లో సూడోఎఫెడ్రిన్ అనే మందు ఉంటుంది. అది పాలను తగ్గిస్తుంది. జలుబు మాత్ర అడిగేటప్పుడు, పాలిస్తున్నానని చెప్పి అడగండి. కుటుంబ నియంత్రణ మాత్రలూ అంతే. మాలా-ఎన్ మాత్రలో ఈస్ట్రోజెన్ ఉంటుంది. బిడ్డకు ఆరు నెలలు నిండేదాకా పాలిచ్చే తల్లికి అది తగదు. మన ఏఎన్ఎంను అడిగితే ఛాయా మాత్ర ఇస్తారు. అందులో హార్మోను లేదు, పాలిచ్చే తల్లి వాడొచ్చు. రొమ్ములో గట్టి గడ్డ, ఎర్రదనం, జ్వరం ఉంటే మాత్రం రేపటి దాకా ఆగకుండా డాక్టరుకు చూపించండి. పాలు తీయడం మాత్రం ఆపకండి.

తిండి గురించి అత్తగార్లకూ జేజిలకూ ఒక మాట. బాలింతకు నీళ్లు తక్కువ పోయాలి, పులుసు పెట్టకూడదు, ఆకుకూర పెట్టకూడదు అనే పత్యం దయచేసి వదిలేయండి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం మొదటి ఆరు నెలలూ పాలిచ్చే తల్లికి రోజుకు 600 కేలరీలు అదనంగా కావాలి. అంటే ఇంకో పూట భోజనం అంత. రాగి సంగటి, పప్పు, గుడ్డు, మన నల్లరేగడిలో పండే శనగలు పెట్టండి. పాలు తీసేటప్పుడు పక్కన చెంబు నీళ్లు ఉంచండి. వెల్లుల్లి కారం, మెంతులు ఇష్టమైతే తిననివ్వండి. కానీ తడవలు తగ్గిన తల్లికి ఎన్ని వెల్లుల్లిపాయలు పెట్టినా ఆ లోటు తీరదు. పాలు పెరిగే మాత్రలని షాపులో అడిగి తెచ్చి మింగించకండి. అందులో కొన్ని గుండె లయను దెబ్బతీస్తాయి. డాక్టరు రాస్తేనే వాడాలి.

బాలింత మాట వచ్చింది గనక చెబుతాను, మన పెద్దముడియానికి ఒక పాత కథ ఉంది. తూర్పు చాళుక్యుల శాసనాల్లో ముడివేము అనే అగ్రహారం పేరు కనబడుతుంది. అది మన పెద్దముడియమేనని చరిత్రకారులు చెబుతారు. యుద్ధంలో భర్తను పోగొట్టుకున్న రాణి, నిండు చూలాలు, ఆ ఊరు చేరింది. విష్ణుభట్ట సోమయాజి అనే ఆయన ఆమెను సొంత కూతురిలా కాపాడాడు. కొడుకు అక్కడే పుట్టాడని, ఆ వంశమే చాళుక్య రాజ్యమేలిందని శాసనం కథ. చరిత్ర ఎంత, కల్పన ఎంత అనేది పండితులకు వదిలేద్దాం. ఒక ఊరు తన గురించి గర్వంగా చెప్పుకునే కథ యుద్ధం గురించి కాదు, బిడ్డతల్లిని చూసుకోవడం గురించి. అది నాకు చాలా ఇష్టం.

మరి ఇవాళ మన ఇంట్లో బిడ్డతల్లిని చూసుకోవడమంటే ఏమిటి? పంపు ముక్కలు కడగడం. రోజుకోసారి వాటిని మరిగే నీళ్లలో అయిదు నిమిషాలు ఉడికించి, శుభ్రమైన గుడ్డ మీద ఆరబెట్టడం. రాత్రి రెండింటికి ఆమెతోపాటు లేచి, తీసిన పాలు ఫ్రిజ్‌లో పెట్టి రావడం. ఈ పనులు మగవాళ్లు చెయ్యలేనివి కావు. "ఇంతేనా వచ్చింది?" అనే ప్రశ్న మాత్రం ఇంట్లో ఎవరూ అడక్కూడదు. ఉద్యోగం చేసే తల్లి అయితే, చట్టం బిడ్డకు 15 నెలలు నిండేదాకా రోజుకు రెండు విరామాలు ఇస్తుంది. సచివాలయంలో పనిచేసినా, బడిలో పనిచేసినా, తలుపు గడియ పడే ఒక గది చూపించడం తోటివాళ్ల బాధ్యత.

తీసిన పాలు మన ఎండల్లో జాగ్రత్త. బయట నాలుగు గంటలు ఉంచొచ్చనే లెక్క 25 డిగ్రీలు దాటని గదికి. మే నెలలో జమ్మలమడుగులో ఆ లెక్క పనికిరాదు. తీసిన వెంటనే ఫ్రిజ్‌లో లోపలి వైపు పెట్టండి, తలుపు అరలో వద్దు. కరెంటు మీద నమ్మకం లేకపోతే 24 గంటల్లో వాడేయండి. బిడ్డ ప్రొద్దుటూరులో ఉండి మీరు ఇంటి నుంచి పంపుతుంటే, ఐసు ముక్కల మధ్య పెట్టిన డబ్బాలో పంపండి. సీసా మీద తేదీ, వేళ రాయండి. పొయ్యి మీద కాచొద్దు. గోరువెచ్చటి నీళ్ల గిన్నెలో సీసా పెడితే చాలు. పైన మీగడ తేలితే పాడయ్యాయని పారబోయకండి, మెల్లగా తిప్పితే కలిసిపోతుంది.

ఇవన్నీ చేసినా కొందరు తల్లులకు బిడ్డకు సరిపోయేన్ని రావు. అది ఆ తల్లి తప్పు కాదు. బిడ్డ రోజుకు ఆరు తడవలైనా ఉచ్చ పోస్తోందా, అంగన్‌వాడీలో తూస్తే బరువు పెరుగుతోందా చూడండి. పెరగకపోతే ఆలస్యం చెయ్యొద్దు, పిల్లల డాక్టరు దగ్గరికి పోండి. ఆసుపత్రిలో ఉన్న బిడ్డకైతే దాత తల్లుల పాలు దొరికే చోట అవి ఇస్తారు. ఆసియాలో మొట్టమొదటి తల్లిపాల బ్యాంకు 1989లో ముంబయి సయాన్ ఆసుపత్రిలో మొదలైంది. హైదరాబాదు నీలోఫర్ ఆసుపత్రిలో ధాత్రి పాల బ్యాంకు 2017లో వచ్చింది. ఇంటి దగ్గర ఉన్న బిడ్డకు పొడిపాలు కావాలా, ఎంత కావాలి అనేది డాక్టరు చెబుతారు. పొదుపు కోసం అందులో నీళ్లు ఎక్కువ కలపొద్దు. ఎనుము పాలల్లో నీళ్లు కలిపి చంటిబిడ్డకు పోయొద్దు. మీ పాలు రోజుకు 300 ఎమ్మెల్ వస్తున్నా సరే, ఆ 300 పోస్తూనే ఉండండి. ముందు మీ పాలు పోసి, తక్కువైనంత వరకే పొడిపాలు పోయండి. రెండూ ఒకే గిన్నెలో కలిపితే, బిడ్డ మిగిల్చినప్పుడు మీ పాలూ పారబోయాల్సి వస్తుంది.

బిడ్డకు ఆరు నెలలు నిండి, ఉగ్గు మొదలయ్యాక తడవలు తగ్గించుకోవాలనుకుంటే, ఒక్కసారిగా మానొద్దు. కొన్ని రోజులకు ఒక తడవ చొప్పున తీసేయండి. రాత్రి తడవ చివర్లో మానండి. రొమ్ము గట్టిపడితే, ఆ బిగువు తగ్గేంత మాత్రం చేత్తో తీసేయండి.